శకుని పాచికలు సెల్‌ఫోన్లో!

ధూళిపాళ గారి శకుని గుర్తున్నాడా? 1966లో వచ్చిన "శ్రీకృష్ణ పాండవీయం"లోనూ, 1977లో వచ్చిన "దానవీరశూరకర్ణ"లోనూ ఆయన పాచికలు అరచేతిలో పట్టుకుని ఓ చూపు చూశారంటే, నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా హాలు మొత్తం బిగుసుకుపోయేది! ఆ పాచికల మహిమేమిటో మీకు తెలుసు. అవి వేసేవాడి మాట వింటాయి. ఎదురుగా కూర్చున్నవాడి మాట వినవు. ఆ సంగతి తెలీక ధర్మరాజు రాజ్యాన్ని ఒడ్డాడు, తమ్ముళ్ళని ఒడ్డాడు, తర్వాత ఏమైందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడా శకుని మన జేబులోకి వచ్చి కూర్చున్నాడు. రంగురంగుల బొమ్మలు, గలగలమని నాణేల చప్పుడు, "నీకు బోనస్ వచ్చింది" అంటూ అర్ధరాత్రి ఓ సందేశం... అదే ఫోన్ కాసినో.

చిత్రమేమిటంటే ఇప్పటి శకునికి దొంగ పాచికలు కూడా అక్కర్లేదు. అసలు సిసలు పాచికలతోనే మిమ్మల్ని ఓడిస్తాడు. ఎలాగంటారా? ఆ లెక్క చూడాలంటే ముందు అరకు కొండెక్కాలి.

తీర్థంలో గుండాట

విశాఖలో కిరండూల్ రైలెక్కి, యాభైకి పైగా సొరంగాలు దాటితే అరకు. ఒకప్పుడు ఘాట్ ఎక్కగానే ఫోన్‌లో సిగ్నల్ పోయేది. కుర్రాళ్ళు సిగ్నల్ కోసం గుట్టలెక్కి, చెట్లెక్కి మాట్లాడిన రోజులున్నాయి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఆ తర్వాత ఏజెన్సీ కొండల్లో టవర్లు వరసగా లేచాయి. మంచిదే! పిల్లల చదువుకీ, ఆస్పత్రికి కబురు పెట్టడానికీ అది అవసరమే. కానీ సినిమా పాటలు ఏ దారిన గూడెంలోకి వచ్చాయో, శకుని కూడా అదే దారిన వచ్చాడు.

నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ళు కోసే రోజులు. ఆ వెనకే పసుపు, మిరియాలు, రాజ్‌మా. ఏడాదంతా కష్టపడితే చేతికి గట్టిగా డబ్బు కనిపించేది ఆ కొద్ది నెలలే. పూర్వం ఆ డబ్బు సంతకి వెళ్ళేది. సంతలో బట్టలు, బియ్యం, వెండి సరుకు, కోడిపందెం... తీర్థాలప్పుడు ఓ మూల గుండాట.

గుండాట ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు. నేలమీద ఓ గుడ్డ పరుస్తారు. దానిమీద ఆరు గళ్ళు, గడికో బొమ్మ. అవే బొమ్మలు పాచికల మీదా వుంటాయి. మీకు నచ్చిన బొమ్మ మీద డబ్బు పెడతారు. ఆటగాడు డబ్బాలో పాచికలు వేసి ఊపి బోర్లిస్తాడు. మీ బొమ్మ పైకొస్తే డబ్బు మీది, రాకపోతే ఆయనది. ఊరూరికీ పద్ధతి కాస్త మారుతుంది. పోలీసులు వస్తే మాత్రం అన్ని ఊళ్ళలోనూ ఒకటే పద్ధతి. గుడ్డ చుట్టి పరుగు! చట్టం దీన్ని ఒప్పుకోదు మరి.

ఈ ఆటకి ఇంగ్లండులో ఓ అన్న వున్నాడు. ఆరు బొమ్మలూ మూడు పాచికలతో బ్రిటిష్ నావికులు ఓడల్లో ఆడుకున్న "క్రౌన్ అండ్ యాంకర్". కిరీటం, లంగరు, మిగతా నాలుగూ పేకముక్కల గుర్తులే... ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. పేరు వేరు, వేషం వేరు, లెక్క ఒక్కటే.

ఆ లెక్క చూడండి. మూడు పాచికలు పడే తీరులు మొత్తం 216. మీరు ఎప్పుడూ ఒకే బొమ్మ మీద పది రూపాయలు పెడతారనుకుందాం. 216లో 125 సార్లు మీ బొమ్మ ఒక్క పాచిక మీద కూడా రాదు. 1,250 రూపాయలు గోవిందా! 75 సార్లు ఒక పాచిక మీద వస్తుంది. సారికి పది చొప్పున 750 లాభం. 15 సార్లు రెండింటి మీద వస్తుంది. ఇరవై చొప్పున 300. ఒకే ఒక్కసారి మూడూ మీవే, 30. మొత్తం గెలుపు 1,080. పోయింది 1,250. అంటే 2,160 రూపాయలు ఒడ్డితే 170 గుడ్డ యజమానికి. నూటికి దాదాపు ఎనిమిది. పాచికల్లో ఏ మోసమూ లేదు, డబ్బాలో ఏ మాయా లేదు. మూడు పాచికలు, ఆరు బొమ్మలు, సగం సార్లు నాదే గెలుపు కదా అని మనకి అనిపిస్తుంది చూడండి... ఆ అనిపించడంలోనే వుంది మాయంతా!

నూటికి నాలుగేగా!

ఇప్పుడు ఫోన్ సంగతి. బొమ్మలు గిర్రున తిరిగే "స్లాట్" ఆటలో తిరిగి వచ్చేది నూటికి 96 అని చాలాచోట్ల రాస్తారు. అంటే యజమాని వాటా నాలుగే. ఒకే సున్నా వున్న రౌలెట్ చక్రంలో 37 గళ్ళుంటాయి, లెక్క కట్టేది 36 వున్నట్టు. వాటా నూటికి 2.7. గుండాటవాడి ఎనిమిదితో పోలిస్తే ఫోనువాడు మహానుభావుడు, ధర్మప్రభువు అనిపించడంలేదూ?

అక్కడే ఇంటర్వెల్ కార్డు పడుతుంది. అసలు కథ తర్వాత.

తీర్థంలో గుండాటవాడు డబ్బా ఊపాలి, బోర్లించాలి, గెలిచినవాళ్ళకి లెక్క చూసి ఇవ్వాలి, ఓడినవాళ్ళతో గొడవ పడాలి. రెండు నిమిషాలకో ఆట అనుకోండి. గంటకి 30 ఆటలు. పది రూపాయల చొప్పున మీరు ఒడ్డేది 300. సరాసరిన పోయేది 24 రూపాయలు, ఓ టీ, రెండు బజ్జీల ఖర్చు.

ఫోన్‌లో? వేలు ఒక్కసారి తాకిస్తే చాలు. ఆరు సెకన్లకో ఆట అనుకున్నా గంటకి 600. అదే పది రూపాయల చొప్పున ఒడ్డేది 6,000. అందులో నూటికి నాలుగంటే 240. వాటా సగం, నష్టం పదింతలు! మీరు జేబులోంచి వేసింది 500 అయివుండవచ్చు. గెలిచింది మళ్ళీ ఒడ్డుతూ, అది పోతే మిగిలింది ఒడ్డుతూ, ఆ ఐదువందలనే పన్నెండుసార్లు తిప్పారన్నమాట. తిప్పినప్పుడల్లా నాలుగు శాతం కోత.

ఇది సరాసరి లెక్క. ఓ రోజు మీకు రెండువేలు రావచ్చు. వస్తాయి కూడా. ఆ రోజు మీరు నలుగురికి బిర్యానీ తినిపిస్తారు, ఆ నలుగురూ మర్నాడు యాప్ వేసుకుంటారు. యజమానికి అంతకంటే చవకైన ప్రకటన ఏముంటుంది? పోయినవాడు ఎప్పుడైనా బిర్యానీ తినిపించాడా?

ఇంకో తేడా నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. గుండాట గుడ్డ చుట్టూ నలుగురుంటారు. మేనమామ చూస్తాడు, ఊరి పెద్ద చూస్తాడు. "ఇంక చాల్లేరా" అని చెయ్యిపట్టి లాగేవాడు ఎవడో ఒకడుంటాడు. సంత చీకటిపడితే ముగుస్తుంది. ఫోన్‌కి చీకటి లేదు. దుప్పటి ముసుగులో ఆడే ఆటని పక్కన పడుకున్న తమ్ముడు కూడా చూడడు.

తెల్లవాడు కట్టిన కంచె

బ్రిటన్‌లో ఫోన్ కాసినో చట్టసమ్మతం. 2005 నాటి చట్టం వుంది, లైసెన్సులిచ్చే గ్యాంబ్లింగ్ కమిషన్ వుంది. విశాఖలో విమానమెక్కి లండన్‌కో లెస్టర్‌కో చదువుకి వెళ్ళిన మన కుర్రాళ్ళకి ఇది దిగగానే ఎదురయ్యే వింత. బస్సు మీద, ఫుట్‌బాల్ చొక్కా మీద, ఫోన్ తెర మీద జూదం ప్రకటనలే! ఇంటిదగ్గర నేరమైనది ఇక్కడ దర్జాగా జరుగుతోందే అని చెయ్యి పెట్టబోతారు.

ఆ దర్జా వెనక కంచె వుంది. గమ్మత్తు ఏమిటంటే ఆ కంచెలో సగం కర్రలు ఆట వేగాన్ని ఆపడానికే పాతారు. 2021 అక్టోబరు నుంచి స్లాట్ ఆట ఒక్కసారి తిరగడానికి కనీసం రెండున్నర సెకన్లు పట్టాలి. దానంతటదే తిరిగే ఏర్పాటు వుండకూడదు. 2025 జనవరి నుంచి మిగతా కాసినో ఆటలకి కనీసం ఐదు సెకన్లు. 2025 ఏప్రిల్ నుంచి స్లాట్‌లో ఒక్కసారికి ఐదు పౌండ్లకి మించి ఒడ్డకూడదు. 18 నుంచి 24 ఏళ్ళవాళ్ళకి అదే ఏడాది మే నుంచి రెండే పౌండ్లు. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడనివ్వరు. అప్పుచేసి ఆడకూడదని!

ఇంత కంచె లోపల కూడా లెక్క ఏమిటో చూడండి. రెండు పౌండ్ల చొప్పున గంటకి 600 ఆటలంటే ఒడ్డింది 1,200 పౌండ్లు. నూటికి నాలుగంటే 48. అక్కడ కనీస కూలి గంటకి పన్నెండు పౌండ్ల పైచిలుకు. ఒక్క గంట ఆటకి నాలుగు గంటల రెక్కల కష్టం సరి! డిగ్రీకి వెళ్ళిన విద్యార్థి వీసా మీద కాలేజీ రోజుల్లో పనిచేయనిచ్చేదే వారానికి 20 గంటలు. గిన్నెలు కడిగి తెచ్చిన కూలి ఎటు పోతుందో మీరే చూసుకోండి.

ఇక బోనస్ అనే బెల్లంముక్క. "పది పౌండ్లు ఉచితం" అంటారు. కింద చిన్న అక్షరాల్లో షరతు వుంటుంది. ఆ పదిని ఇన్నిసార్లు తిప్పి ఆడితేగాని చేతికివ్వం అని. ఒకప్పుడు యాభై సార్లు అన్న కంపెనీలు కూడా వున్నాయి. పదిని యాభైసార్లు అంటే 500 పౌండ్లు ఒడ్డాలి. నూటికి నాలుగు చొప్పున సరాసరి నష్టం 20. పది పౌండ్ల బహుమతి అందుకోడానికి ఇరవై పౌండ్ల ఛార్జీ! అందుకే 2026 జనవరి 19 నుంచి పదిసార్లకి మించి షరతు పెట్టకూడదని అక్కడ హద్దు గీశారు. చిన్న అక్షరాలు చదవడం మనకి సినిమా టైటిళ్ళలోనే అలవాటు లేదు, ఇంక ఇక్కడ చదువుతామా?

అక్కడుండే మన పాఠకులు ఆడకపోతే అంతకంటే కావలసిందేముంది. ఆడేవాళ్ళు ఒకటి తప్పక చేయాలి. కంపెనీ లైసెన్సు నిజమో కాదో గ్యాంబ్లింగ్ కమిషన్ జాబితాలో పేరు పెట్టి చూసుకోవాలి. లైసెన్సున్న కంపెనీ మీ పేరు, వయసు, చిరునామా ముందే రూఢి చేసుకుంటుంది. ముందు అడగవలసిన కాగితాలని మీరు గెలిచాక వంకగా చూపించి డబ్బు ఆపడానికి వీల్లేదు. మొదటి జమకి ముందే "ఇంతకి మించి వెయ్యను" అని హద్దు పెట్టుకోవచ్చు. పూర్తిగా మానెయ్యాలంటే "గామ్‌స్టాప్" అనే ఏర్పాటు వుంది. అందులో పేరిస్తే ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్ళు... ఎంత కోరితే అంతకాలం లైసెన్సున్న ఏ కంపెనీ కూడా మిమ్మల్ని లోపలికి రానివ్వదు. "మేము గామ్‌స్టాప్‌లో లేం, రండి రండి" అని గొప్పగా చెప్పుకునే సైటు కనిపించిందా? అది కంచె బయటి నక్క. దాని జోలికి పోకండి. చాలా బ్యాంకుల యాప్‌లలో జూదం చెల్లింపులు ఆపే మీట కూడా వుంటుంది. ఒకసారి నొక్కితే మళ్ళీ తెరవడానికి కొంత గడువు పడుతుంది. ఆ గడువులో మనసు చల్లబడుతుంది.

మన తెర మీది బొమ్మ

మన దగ్గర దారి వేరు. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ 1974 నాటి జూదం చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలని కూడా నిషేధంలోకి తెచ్చాయి. 2020లో ఆంధ్రలో ఆడేవాళ్ళకి కూడా ఆరు నెలల దాకా జైలు అన్నారు. తర్వాత 2025 ఆగస్టు 22న కేంద్రం తెచ్చిన చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, తెలివి ఆట, అదృష్టం ఆట అనే తేడా లేకుండా నడపకూడదు. నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటనలు చేసేవాళ్ళకి రెండేళ్ళు, యాభై లక్షలు. ఆ కేంద్ర చట్టం ఆడినవాణ్ణి శిక్షించదు. ఆ రోజుల్లోనే పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి.

ప్రకటనలు అన్నాను కదా, మన సినిమావాళ్ళ ప్రస్తావన రాకుండా ఎలా వుంటుంది! 2025 మార్చిలో హైదరాబాదు మియాపూరు పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం విషయంలో పాతికమంది మీద కేసు పెట్టారు. అందులో పేరున్న తారలున్నారు, యూట్యూబు మొహాలున్నాయి. పేర్లు మీకు తెలిసినవే. మేము చట్టం ఒప్పుకున్న ఆటలకే ప్రచారం చేశామని కొందరు చెప్పారు. కోర్టులో తేలేదాకా ఎవర్నీ దోషి అనడం న్యాయం కాదు. కానీ ఒక్కమాట. అభిమాన నటుడు తాగే కూల్‌డ్రింకు మనం తాగుతాం, ఆయన కట్టిన చొక్కా కుట్టించుకుంటాం. అందులో పోయేది పదో, ఐదువందలో. జూదంలో హీరో వేలు చూపించిన చోటికి వెళ్ళినవాడికి హద్దు అంటూ వుండదు. ఆయనకి పారితోషికం ముందే ముట్టింది, మీ పందెంతో ఆయనకి పని లేదు! 2024లో వరుణ్ తేజ్ "మట్కా" చూశారుగా, విశాఖ నేపథ్యం. అందులో కూడా గెలుస్తూ పోయింది ఆట నడిపేవాడే తప్ప అంకె మీద రూపాయి కాసినవాడు కాదు.

చట్టం వచ్చాక పోయినవి ఎదురుగా కనబడే కంపెనీలు. చీకట్లో వున్నవి పోలేదు. ఎక్కడో సముద్రాల అవతల కురసావ్ దీవిలో చిరునామా, మాట్లాడటానికి టెలిగ్రామ్, ప్లే స్టోరులో కాక లింకు ద్వారా దింపుకునే యాప్. వీటికి రెండున్నర సెకన్ల నియమం లేదు, హద్దు లేదు, గామ్‌స్టాప్ లేదు. బ్రిటన్‌లో వున్న కంచె మనకి లేదు, నిషేధం మాత్రం వుంది. కాబట్టి మోసపోయిన కుర్రాడు పోలీసు దగ్గరికి వెళ్ళడానికి జంకుతాడు. ఆ జంకు మీదే వాళ్ళ వ్యాపారం!

వీళ్ళని పట్టుకోడానికి ఓ గుర్తు చెప్తాను. డబ్బు వేసేటప్పుడు చూపించే క్యూఆర్ కోడ్‌లో పేరు చూడండి. ఈరోజు ఓ పేరు, రేపు మరో పేరు, ఎవరో బట్టల కొట్టు, ఎవరో మనిషి. అవన్నీ అద్దెకి తెచ్చిన ఖాతాలు. మొదట్లో రెండువందలు గెలిస్తే వెంటనే పంపిస్తారు, నమ్మకం కుదరాలి కదా. యాభైవేలు గెలిచినట్టు చూపించాక మాత్రం "పన్ను కట్టు, అప్పుడు పంపుతాం" అంటారు. గెలిచిన డబ్బు ఇవ్వడానికి ముందుగా మీనుంచి డబ్బు అడిగినవాడు ఎవడైనా దొంగే.

ఈ అద్దె ఖాతాల వ్యవహారం కొండల్లో వుండేవాళ్ళు మరీ జాగ్రత్తగా వినాలి. "నీ పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము నెలరోజులు ఇస్తే ఐదువేలు ఇస్తాం" అని ఎవడో దోస్తులా వస్తాడు. ఆ ఖాతాలోకి ఎక్కడి మోసం డబ్బో వచ్చిపడుతుంది. ఎక్కడో ఓ రాష్ట్రంలో ఫిర్యాదు నమోదైతే ఖాతా స్తంభిస్తుంది, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున వుందో వాళ్ళ దగ్గరికే. ఖాతా అద్దెకివ్వకపోయినా ప్రమాదం తప్పదు. అటువంటి యాప్‌లో నిజంగానే గెలిచి, ఆ డబ్బు మీ ఖాతాలోకి తెప్పించుకున్నా, అది మోసం డబ్బయితే మీ ఖాతా కూడా ఆగుతుంది. ఇంటికి ఉన్నదే ఒక్క ఖాతా. కాఫీ గింజల డబ్బు, ఉపాధి పని కూలి, అమ్మ పింఛను, చెల్లెలి చదువుకిచ్చే సాయం అందులోకే వస్తాయి. బ్యాంకు చూస్తే ఘాట్ రోడ్డు మీద ఎన్నో మలుపుల అవతల. కొడుకు మూడువందలు గెలిచిన పాపానికి తల్లి కూలి ఆగిపోతే, ఆ ఖాతా మళ్ళీ తెరిపించడానికి ఆమె జీపుల్లో ఎన్నిసార్లు తిరగాలి?

ఇరుక్కున్నవాళ్ళకి

ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్ళు చేసే మొదటి తప్పు, పోయింది రాబట్టాలని మళ్ళీ ఒడ్డడం. పాచికకి జ్ఞాపకం లేదు. మీరు పదిసార్లు ఓడారని పదకొండోసారి జాలిపడదు. రెండో తప్పు, ఫోన్‌లోనే అప్పిచ్చే యాప్ పట్టుకోవడం. అది మీ ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు లాక్కుని, రేపు వాటితోనే బెదిరిస్తుంది. అప్పు తప్పనిసరైతే ఇంట్లో చెప్పి తీసుకోండి. తిట్లు తింటారు, అంతే.

యాప్ తీసేయండి. తీసేముందు మాత్రం తెర ఫొటోలు తీసి దాచుకోండి. ఆ టెలిగ్రామ్ గుంపులోంచి బయటికి రండి. యూపీఐలో రోజుకి ఇంతకి మించి వెళ్ళకుండా బ్యాంకు యాప్‌లో హద్దు తగ్గించుకోండి. అదీ చాలదనిపిస్తే కొంతకాలం అక్క చేతికో, వదిన చేతికో ఖాతా వ్యవహారం అప్పగించండి. మన ఇళ్ళలో డబ్బు దాచడం వాళ్ళకి తెలిసినంతగా మనకి తెలీదు లెండి.

నిద్ర పట్టక, తిండి సయించక, చచ్చిపోదామన్న ఆలోచన వస్తోందా? 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, ఖర్చు లేదు, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బ్రిటన్‌లో వున్నవాళ్ళకి జూదం బాధితుల నంబరు 0808 8020 133. అక్కడ కూడా ఉచితమే, రోజంతా వుంటుంది.

డబ్బు మోసపోయినవాళ్ళకి సైబర్ నేరాల నంబరు 1930. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి జారిపోయేలోగా ఆపగలిగితేనే దొరికే ఆశ. ఫోన్ చేసేముందు మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, డబ్బు వెళ్ళిన తేదీ, సమయం, మొత్తం, యూపీఐ రసీదులో కనిపించే పన్నెండంకెల నంబరు ఓ కాగితం మీద రాసిపెట్టుకోండి. గూడెంలో సిగ్నల్ సరిగా లేకపోతే మాట మధ్యలో తెగుతుంది. సిగ్నల్ బాగా వున్న చోటికి వెళ్ళి, ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకుని, అప్పుడు చేయండి. వాళ్ళిచ్చిన ఫిర్యాదు నంబరు కూడా అదే కాగితం మీద రాసి దాచుకుని, తర్వాత దగ్గర్లోని పోలీసు స్టేషనుకి ఆ కాగితం పట్టుకెళ్ళండి.